చిన్న సీలు కారితే పెద్ద బండికి చేటు
ట్రాక్టరు షెడ్డులో ఆటకారు చెప్పిన పాఠం

గౌడవెల్లి: దసరా సెలవులకు మా ఇంటికి వచ్చిన మా అక్క కొడుకు సంచిలోంచి ఒక ఆటకారు తీశాడు. మూరెడు పొడవుంది. చేతిలోని రిమోటు మీట నొక్కితే వాకిట్లో దుమ్ము లేపుకుంటూ పరుగెత్తింది. కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. మా అమ్మ చీపురు పట్టుకొని వెంటపడింది. ఇది ఉత్త ఆటబొమ్మ కాదని, వీటికి పందేలు జరుగుతాయని, కాలేజీ మిత్రులతో కలిసి తానూ పోటీకి తయారవుతున్నానని అల్లుడు చెప్పాడు. అయితే వెనక చక్రాల నడుమ ఉన్న చిన్న డబ్బీ నుంచి నూనె కారుతోందట. విప్పుదామంటే ఒక స్క్రూ తల అరిగిపోయి తిరగడం లేదు. ఇంట్లో ఉన్న కత్తెర, కొడవలి దానికి పనికిరావు.

"మామా, ఎక్కడన్నా వైసు ఉంటదా?" అని అడిగాడు. వైసు అంటే మనకు గుర్తొచ్చేది ట్రాక్టర్ల షెడ్డే. మేడ్చల్ పోయే దారి పక్కన రేకుల కింద పాతికేళ్ళుగా పని చేస్తున్న మిస్త్రీ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. అక్కడ ఒక ట్రాక్టరు నడుము విరిగినట్టు రెండు ముక్కలై మొద్దుల మీద నిలబడి ఉంది. వెనక హౌసింగు విప్పి, నల్లటి పళ్ళ చక్రాలను డీజిలు తట్టలో నానబెట్టారు. పొద్దున్నుంచీ కూర్చున్న రైతు బీడీ కూడా వెలిగించకుండా ఆ తట్టకేసే చూస్తున్నాడు.

మిస్త్రీ కళ్ళద్దాలు పెట్టుకొని ఆటకారును వైసుకు బిగించాడు. అరిగిన స్క్రూ తలకు రంపంతో గాటు పెట్టి, చదునైన స్క్రూ డ్రైవరుతో తిప్పాడు. నిమ్మకాయంత డబ్బీ ఊడి చేతిలోకి వచ్చింది. మూత తీసి లోపలికి చూసి నవ్వాడు.

"తమ్మీ, ఇదేందో అనుకున్న. గా తట్టల ఉన్నదే గదా ఇది! క్రౌనున్నది, స్టార్లున్నయి, సీలున్నది. సీలే పోయింది. ఆ పటేలు బండికి కూడ గదే పోయింది" అన్నాడు.

రైతు లేచి వచ్చి డబ్బీలోకి తొంగిచూశాడు. తన వేల రూపాయల నష్టమూ, పిల్లవాడి ఆటబొమ్మ లీకూ ఒకటేనంటే ఆయనకు నమ్మకం కుదరలేదు. ఆ మధ్యాహ్నమంతా షెడ్డులో కూర్చొని చూసింది, అడిగి తెలుసుకొన్నది పాఠకుల ముందు పెట్టడమే ఈ వ్యాసం పని. ట్రాక్టరున్న ప్రతి ఇంటికీ ఇది అవసరమని ఈ విలేకరి అభిప్రాయం.

బంతిలో ఎడ్ల లెక్క

ఎడ్లబండికి డిఫరెన్షియల్ ఉండదు. దాని అవసరమూ లేదు. ఇరుసు తిరగదు, చక్రం తిరుగుతుంది. రెండు చక్రాలూ దేనికది ఇరుసు మీద వదులుగా తిరుగుతాయి. మలుపులో ఒకటి తక్కువ తిరిగినా, రెండోది ఎక్కువ తిరిగినా అడిగేవాడు లేడు. ఇరుసుకు కందెన పూసి, శీల బిగిస్తే చాలు.

ఇంజను బండికి చిక్కు వచ్చింది. ఇక్కడ చక్రాన్ని లాగేది ఎద్దు కాదు, లోపలి ఇరుసే చక్రాన్ని తిప్పాలి. రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు గట్టిగా బిగిస్తే మలుపు దగ్గర ఒకటి ఈడ్చుకుపోతుంది, టైరు అరుగుతుంది, ఇరుసు మెలి తిరుగుతుంది.

కల్లంలో బంతి తిప్పిన పెద్దలకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. గుంజ దగ్గరున్న ఎద్దు నిలబడ్డచోటే తిరుగుతున్నట్టుంటుంది. బయటి కొసనున్న ఎద్దు పరుగెత్తాలి. అందుకే ముసలి ఎద్దును లోపల, పడుచు ఎద్దును బయట కట్టేవారు. రెండూ కలిసే వెళ్తాయి, కానీ అడుగులు సమానంగా వెయ్యవు. ట్రాక్టరు వెనక చక్రాలకు ఇదే వెసులుబాటు ఇచ్చేది డిఫరెన్షియల్.

మన షెడ్లలో ఆ పేరు పూర్తిగా పలికేవారు తక్కువ. హౌసింగు అనో, క్రౌను అనో అంటారు. గేరుపెట్టె నుంచి వచ్చే చిన్న పళ్ళ కడ్డీని పినియను అంటారు. అది పళ్ళెమంత ఉన్న క్రౌను చక్రాన్ని తిప్పుతుంది. క్రౌనుకు ఒక ఇనుప గూడు బిగించి ఉంటుంది. గూటిలో అడ్డంగా ఒక కడ్డీ, దాని మీద రెండో నాలుగో స్టార్ గేర్లు, వాటికి ఇరుపక్కలా రెండు సైడు గేర్లు ఉంటాయి. ఒక్కో సైడు గేరు నుంచి ఒక్కో చక్రానికి శక్తి పోతుంది.

బండి తిన్నగా పోయేటప్పుడు గూడు మొత్తం ఒకే ముద్దలా తిరుగుతుంది, స్టార్లు తమ చుట్టూ తాము తిరగవు. మలుపు వచ్చిందా, స్టార్లు కదులుతాయి. గూడు 100 చుట్లు తిరిగేలోగా లోపలి చక్రం 90 చుట్లు తిరిగితే బయటి చక్రం 110 తిరుగుతుంది. ఒకదానికి తగ్గినంత రెండోదానికి పెరుగుతుంది. అన్నదమ్ముల పంపకంలో కూడా ఇంత సరైన లెక్క ఉండదేమో!

ఫ్రాన్సు దేశపు పెక్యూర్ అనే ఆయన 1827-28 ప్రాంతంలో ఆవిరి బండికోసం ఈ ఏర్పాటుకు పేటెంటు తీసుకున్నాడు. 1877లో ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ మూడు చక్రాల సైకిలుకు దీన్ని అమర్చాడు. మన దేశంలో ఐషర్ కంపెనీ 1959లో ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టింది. నేడు మన పొరుగున జహీరాబాదులోనే మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం ఉంది. ఇన్నేళ్ళలో కంపెనీలు మారాయి, రంగులు మారాయి, గూటిలోని స్టార్లు మాత్రం అవే.

బురదలో ఒక చక్రం

ఈ ఏర్పాటుకు ఒక బలహీనత ఉంది. రెండు చక్రాలకూ సమానంగా బలం పంచడం దీని స్వభావం. ఒక చక్రం బురదలో జారి ఊరికే తిరుగుతుంటే దానికి పెద్దగా బలం అక్కరలేదు. అప్పుడు గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అంతే స్వల్ప బలం అందుతుంది. బండి కదలదు, ఒకే చక్రం బుడబుడమని బురద చిమ్ముతుంది. దీనికోసమే డ్రైవరు కాలి దగ్గర లాక్ పెడలు పెట్టారు. అది తొక్కితే రెండు ఇరుసులూ కలిసిపోతాయి.

లాకును వాడే పద్ధతిలోనే చాలామంది తప్పు చేస్తున్నారని మిస్త్రీ చెప్పాడు. చక్రం గిర్రున తిరుగుతున్నప్పుడు తొక్కితే లోపలి పళ్ళు విరుగుతాయి. క్లచ్ తొక్కి, చక్రం ఆగాక లాకు వెయ్యాలి. తిన్నగా బయటపడగానే వదిలెయ్యాలి. లాకు ఉండగా స్టీరింగు తిప్పితే బండి తిరగదు, లోపల ఏదో ఒకటి తెగుతుంది. ఆ రోజు తట్టలో నానుతున్న స్టార్లలో ఒకదానికి రెండు పళ్ళు లేవు. "లాకు ఏసి మలిపిండ్రా?" అని మిస్త్రీ అడిగితే రైతు జవాబు చెప్పలేదు.

ఆటకారులో లాక్ పెడలు లేదు. ఆ పని నూనెతో చేయిస్తారు. ఈ సంగతి విని షెడ్డులో అందరం ఆశ్చర్యపోయాం. ట్రాక్టరులో నూనె పని పళ్ళను తడిపి ఉంచడం, వేడిని లాగడం. ఆటకారు డబ్బీలో పోసేది చిక్కటి సిలికాన్ నూనె. స్టార్లు తమ చుట్టూ తాము తిరగాలంటే ఆ చిక్కదనాన్ని చీల్చుకొని తిరగాలి. నూనె ఎంత చిక్కనైతే ఒక చక్రం ఊరికే జారిపోవడం అంత తగ్గుతుంది. అంటే నూనే సగం లాకు అన్నమాట.

ఈ చిక్కదనానికి సెంటీస్టోక్ అనే కొలత ఉంది. నీళ్ళు సుమారు 1 అయితే, 20 డిగ్రీల చల్లదనంలో మన ఆముదం సుమారు 1000. మావాడి సీసాల మీద 3000, 5000, 7000 అని రాసి ఉంది. నాలుగు చక్రాలకూ శక్తి అందే ఇలాంటి కారులో మూడు డబ్బీలుంటాయి. ముందొకటి, నడుమ ఒకటి, వెనకొకటి. ఒక్కోదానికి ఒక్కో చిక్కదనం. నేల జారుడుగా ఉంటే పల్చన, పట్టు బాగుంటే చిక్కన అంటూ మార్చి చూసుకుంటారట. డబ్బీ కారి సగం నూనె పోతే కారు నడక మారిపోతుంది, మలుపులో గిర్రున తిరిగి పల్టీ కొడుతుంది. మిస్త్రీ ఉదారంగా 90 నంబరు గేరు ఆయిలు పోస్తానన్నాడు. అది దీని ముందు నీళ్ళంత పల్చన, పైగా కొన్నిరకాల రబ్బరు రింగులు దానికి ఉబ్బిపోతాయని మావాడు వద్దన్నాడు.

నీలం రంగు పరీక్ష

పళ్ళు విరిగిన బండిని మళ్ళీ బిగించడం ఒక రోజు పని కాదు. క్రౌనునూ పినియనునూ కర్మాగారంలో ఒకదానితో ఒకటి రాపించి జతగా తయారు చేస్తారు. రెండింటి మీదా ఒకే జత నంబరు కొట్టి ఉంటుంది. ఒకటి పాడైతే రెండూ మార్చాలి. డబ్బు కలిసొస్తుందని పాత క్రౌనుకు కొత్త పినియను వేయించుకున్నవారు ఆరు నెలలకే మళ్ళీ షెడ్డుకు వస్తున్నారట. ఏడుస్తున్నట్టు సన్నగా మోత వస్తే అది జత కుదరని గుర్తు.

బిగించేటప్పుడు చూసేవి రెండు. పళ్ళకూ పళ్ళకూ నడుమ కొంచెం ఆట ఉండాలి. ఎక్కువైతే టకటక కొడుతుంది, తక్కువైతే వేడెక్కి పట్టేస్తుంది. ఆ ఆట చాలా బండ్లలో మిల్లీమీటరులో ఐదో వంతు అటూ ఇటూ ఉంటుంది. ఏ బండికి ఎంత అనేది కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది. కాగితంలాంటి ఇనుప షిమ్ములు వేస్తూ తీస్తూ దాన్ని సరిచేస్తారు. రెండోది పళ్ళు ఎక్కడ రాసుకుంటున్నాయనేది. నాలుగు పళ్ళకు నీలం రంగు పూసి చేత్తో తిప్పుతారు. రంగు చెదిరిన మచ్చ పన్ను నడుమ పడితే సరి. కొసకో, మొదటికో పడితే షిమ్ము మార్చాలి. మా కళ్ళముందే మిస్త్రీ మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాడు. నాలుగోసారి మచ్చ నడుమకు వచ్చింది. ఆ తర్వాతే ఆయన టీ తాగాడు.

ఈ పనిలో ఓపికకు కూలి ఇచ్చేవారు లేరు. "గంటల అయిపోవాలె అంటరు. గంటల అయ్యేదానికి గ్యారంటీ ఉండదు" అని ఆయన అన్న మాటలో నిజముంది.

సీలు అంటే ఏమిటి?

తిరిగే ఇరుసు హౌసింగు గోడలోంచి బయటకు వచ్చేచోట నూనె ఆపేదే ఆయిల్ సీలు. ఇనుప చట్రంలో రబ్బరు. రబ్బరు అంచు పెదవిలా సన్నగా ఉండి ఇరుసును తాకుతూ ఉంటుంది. ఆ పెదవిని నొక్కి పట్టేందుకు వెనక దారంలాంటి స్ప్రింగు చుట్టి ఉంటుంది. వెనకటికి తోలుతో చేసేవారు. జర్మనీలో తోలు వ్యాపారం చేసే ఫ్రాయిడెన్‌బర్గ్ కంపెనీ 1930ల్లో ఈ రకం సీళ్ళు తయారుచేసి, తోలు బదులు కృత్రిమ రబ్బరుకు మారింది. పెట్రోలుకు, నూనెకు చెడని రబ్బరు దొరికాకే ఈ సీళ్ళు ఊరూరికీ వచ్చాయి.

సీలు బిగించడం చూడటానికి సుత్తి దెబ్బ పనిలా ఉంటుంది. ఎన్ని చోట్ల తప్పు జరుగుతుందో మిస్త్రీ చూపించాడు. స్ప్రింగున్న పక్క నూనె వైపుకే ఉండాలి, తిరగేస్తే ఒక రోజు కూడా ఆగదు. పెదవికి ముందు నూనె పూయాలి. ఎండు రబ్బరు మొదటి పది నిమిషాల్లోనే కాలిపోతుంది. ఇరుసు మీదున్న గాడులు కత్తుల్లాంటివి, వాటి మీదుగా సీలును తోస్తే పెదవి తెగుతుంది. ఆయన పాలకవరు ముక్కను గాడులకు చుట్టి, దాని మీదుగా సీలును జారవిడిచి, కవరు లాగేశాడు. లోపలికి కొట్టేటప్పుడు ఒక పక్క సుత్తితో కాకుండా, సీలంత వెడల్పున్న గొట్టం ముక్క పెట్టి చుట్టూ సమంగా దిగేలా కొట్టాడు. వంకరగా దిగిన సీలు ఒక పక్క ఒత్తుకుపోయి, రెండో పక్క నోరు తెరుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం ఇరుసును వేలితో తడిమి చూడడం. పాత సీలు ఏళ్ళ తరబడి రాసుకున్నచోట సన్నటి గాడి పడుతుంది. గోరు అందులో ఆగితే, కొత్త సీలు కూడా అక్కడ నూనె ఆపదు. సీలును రవ్వంత ముందుకో వెనక్కో జరిపి కొత్తచోట ఆనేలా వెయ్యాలి, లేదా ఇరుసుకు తొడుగు వెయ్యాలి.

మా ఇంటి అనుభవం

ఇక్కడ సొంత సంగతి ఒకటి చెప్పక తప్పదు. మా చిన్నాయన ట్రాక్టరు పాతది. బ్రేకులు నూనెలో మునగని పాత పద్ధతివి. రెండేళ్ళ కింద వానాకాలం నాట్లయ్యాక ఎడమ చక్రం లోపలి పక్క నూనె చెమర్చడం మొదలైంది. ఒకచోట సీలు మార్పించాం. నెలకే మళ్ళీ కారింది. మరోచోట మళ్ళీ మార్చారు. "సీలు డూప్లికేటు" అన్నారు. మూడోసారి రాణిగంజ్ వెళ్ళి మంచి సీలు తెచ్చి ఇచ్చాం. అదీ కారింది. ఆపైన మేమే విసిగి, కారితే కారనీ, పైనుంచి పోస్తే సరిపోతుందిలే అనుకున్నాం.

కారిన నూనె నేల మీదే పడుతుందనుకున్నాం. అది లోపల బ్రేకు పళ్ళేల మీదికి కూడా చేరుతోందని మాకు తట్టలేదు. ఒక సాయంత్రం ట్రాలీ నిండా వడ్ల బస్తాలతో చిన్నాయన చెరువు కట్ట దిగుతున్నాడు. బ్రేకు తొక్కాడు. నూనె తాగిన ఎడమ బ్రేకు పట్టలేదు, కుడిది పట్టింది. బండి ఒక్కసారిగా కుడికి కొట్టింది. కుడి పక్క కట్ట వాలు, కింద నీళ్ళు. వాలు అంచునున్న చింతచెట్టుకు ముందు చక్రం తగిలి ఆగింది. ట్రాలీ మీద ఇద్దరు కూలీలున్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చిన్నాయన ఆ రాత్రి అన్నం తినలేదు.

మర్నాడు ఈ మిస్త్రీ దగ్గరికే తెచ్చాం. ఆయన సీలు జోలికి పోలేదు. హౌసింగు పైన బొటనవేలంత ఉన్న ఒక టోపీని సన్న తీగతో పొడిచాడు. బుస్సుమని గాలి వచ్చింది.

దాన్ని బ్రీదరు అంటారు. హౌసింగు ఊపిరి తీసుకునే రంధ్రం అది. బండి నడిస్తే లోపలి నూనె, గాలి వేడెక్కి పెరుగుతాయి. పెరిగిన గాలి ఈ రంధ్రంలోంచి బయటికి పోవాలి. మా బండికి దమ్ము చేసినప్పటి బురద దానిలో గట్టిపడింది, దాని మీద ఎవరో రంగు కూడా వేశారు. పోయే దారిలేని గాలి నూనెను సీలు పెదవి మీదికి నెట్టింది. ఎంత మంచి సీలైనా ఎన్నాళ్ళు ఆగుతుంది? అంతేకాదు, వేడిగా ఉన్న హౌసింగు దమ్ము మడిలోని చల్లటి నీళ్ళలో దిగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది. రంధ్రం మూసుకుపోయి ఉంటే అదే సీలు పక్కనుంచి బురద నీళ్ళను లోపలికి పీలుస్తుంది. కారేది నూనె, చేరేది నీరు.

మూడు సీళ్ళు మార్పించిన మాకు, సీలు ఎందుకు పోతోందని అడగాలని తోచలేదు. మార్చినవారూ అడగలేదు. పైసా ఖర్చు లేని తీగముక్కతో అయ్యే పని. అప్పటికి మా బండి నూనె పాలలా తెల్లబడి ఉంది. బేరింగులు రెండు తుప్పు పట్టాయి. సీలు ధర కొన్ని వందల్లో ఉంటే, ఆ ఏడాది మాకు అయిన ఖర్చు పదుల వేలకు పోయింది.

బేరింగుల మాట వచ్చింది కనుక ఒక ముక్క. మన పక్కనే మౌలాలిలో హెచ్.ఎం.టి. బేరింగుల కర్మాగారం ఉండేది. దాని మూసివేతకు 2016లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఇప్పుడు రాణిగంజ్ దుకాణాల్లో ఏ దేశం సరుకు ఏ పెట్టెలో ఉందో అట్ట చూసి చెప్పడం కష్టమని మిస్త్రీ అంటాడు.

రైతులు ఇంట్లోనే చూసుకోవలసినవి

షెడ్డుకు పోకుండానే తెలిసే గుర్తులు కొన్ని ఉన్నాయి. రాత్రి బండి నిలిపినచోట వెనక చక్రాల కింద పాత పత్రిక పరిచి తెల్లారి చూడాలి. చుక్క ఎక్కడ పడిందో తెలిస్తే లీకు ఎక్కడో సగం తెలిసినట్టే. షెడ్డులో పరిచింది మన పత్రికే. చదివాకే పరిచారని మనవి. దమ్ము పని ముగిసిన వారంలో అడుగు బిరడా కొంచెం వదులు చేస్తే ముందుగా వచ్చేది నీరా, నూనా అన్నది తెలుస్తుంది. నీరు బరువు కనుక అడుగునే ఉంటుంది. తెల్లగా నురగలా ఉంటే మొత్తం మార్చాలి, పైన కొత్తది కలిపితే లాభం లేదు. కొన్ని బిరడాలకు అయస్కాంతం ఉంటుంది. దానికి నల్లటి మెత్తని పొడి అంటుకుంటే సహజం. గోరంత పెళ్ళలు కనిపిస్తే లోపల పన్ను విరిగినట్టే.

నూనె ఎక్కువ పోయడం కూడా తప్పే. నురగ లేచి, వేడెక్కి, సీళ్ళలోంచి తన్నుకొస్తుంది. కొలత బిరడా వరకే పోయాలి. బ్రేకులు నూనెలో మునిగి ఉండే కొత్త బండ్లకు వాటికి చెప్పిన నూనే వాడాలి. లారీలకు పోసే గేరు ఆయిలు పోస్తే బ్రేకు కీచుమంటుంది, పట్టు తప్పుతుంది. కేజీవీల్స్‌తో పనిచేశాక ఇరుసుకు చుట్టుకున్న వరికొయ్యలు, ప్లాస్టిక్ దారాలు కోసి తియ్యాలి. సీలు పెదవిని కోసేవాటిలో దారం మొదటిది.

మరో మాట. మన మండలంలో ట్రాక్టరు పని మారిపోయింది. ద్రాక్ష తోటలున్న నేలల్లో ప్లాట్ల రాళ్ళు పాతారు. ఔటర్ రింగు రోడ్డు వచ్చాక పొలం తక్కువ, రోడ్డు ఎక్కువ అయింది. నీళ్ళ ట్యాంకర్లు, ఇటుకలు, ఇసుక లాగే బండ్లే ఎక్కువ కనిపిస్తున్నాయి. మడిలో బ్రేకు పట్టకపోతే బండి బురదలో ఆగుతుంది. గౌడవెల్లి రైల్వే స్టేషను దారిలో బడి వదిలే వేళకు పట్టకపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా? పైగా పొలంలో మలుపుకోసం విడదీసిన రెండు బ్రేకు పెడళ్ళను రోడ్డెక్కేటప్పుడు కలిపి కొక్కెం వెయ్యనివారు ఎందరో ఉన్నారు.

మళ్ళీ ఆటకారు

సాయంత్రం నాలుగింటికి మావాడు తన డబ్బీ బిగించుకోవడానికి కూర్చున్నాడు. ఈసారి మిస్త్రీ పక్కన కూర్చొని చూశాడు. ఇరుసు రంధ్రంలో ఉన్నది పెదవి సీలు కాదు, గుండ్రటి ఓ-రింగు. గాజు కన్నా చిన్నది, ఉంగరం కన్నా సన్నది. అమెరికాలో స్థిరపడిన డేన్ దేశస్థుడు నీల్స్ క్రిస్టెన్‌సెన్ 1930ల్లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. 1986 జనవరి 28న అమెరికా వారి ఛాలెంజర్ వ్యోమనౌక పేలి ఏడుగురు చనిపోయింది ఇలాంటి రింగు వల్లనే. అది చాలా పెద్దది, రాకెట్టు అతుకులోది. ఆ ఉదయం గడ్డకట్టే చలికి రబ్బరు బిరుసెక్కి, అతుకును వెంటనే మూయలేకపోయింది. ఇది చెబితే బిగింపు పని చేస్తున్న కుర్రాడు చేతిలోని రింగును మళ్ళీ ఒకసారి తిప్పి చూశాడు.

మావాడు పాత రింగులు తీసేసి, గూడు తుడిచి, కొత్తవాటికి గ్రీసు రాసి పెట్టాడు. సైడు గేరు, అడ్డ కడ్డీలు, నాలుగు స్టార్లు అమర్చాడు. నూనె తొందరపడి పోయలేదు. కడ్డీలు మునిగేదాకా పోసి, చేత్తో మెల్లగా తిప్పి, పక్కన పెట్టాడు. చిక్కటి నూనెలోంచి బుడగలు పైకి రావడానికి చాలాసేపు పట్టింది. బుడగ ఉండగానే మూస్తే తర్వాత మట్టం తగ్గుతుంది. అంచుదాకా పోస్తే మూత బిగించినప్పుడు ఒత్తిడికి రింగులోంచి కారుతుంది. దీనికి బ్రీదరు లేదు కనుక వేడికి పెరిగే జాగా లోపలే వదలాలి.

"గీ పోరడు ఊపిరికి జాగ ఇడిసిండు సూడు" అని మిస్త్రీ తన కుర్రాడికి చూపించాడు.

మూతకూ గూటికీ నడుమ కాగితం గ్యాస్కెట్టు పెట్టి, నాలుగు స్క్రూలను ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాడు. ప్లాస్టిక్కులో మర బిగుసుకోగానే ఆపాడు. మిస్త్రీ కూడా హౌసింగు బోల్టులను అదే వరసలో బిగిస్తాడు. తేడా ఒక్కటే, ఆయన గ్యాస్కెట్టుకు పేస్టు రాస్తాడు. అదీ పల్చగానే. ఎక్కువ రాస్తే లోపలికి ఒత్తుకొచ్చిన పేస్టు ముక్కలై నూనె దారుల్లో చేరుతుంది. పాత బండ్లు విప్పినప్పుడు అలాంటి ముద్దలు పిడికెడు దొరికాయట.

పొద్దు గూకే వేళకు రైతు ట్రాక్టరు రెండు ముక్కలూ కలిశాయి. కొత్త నూనె కొలత బిరడా దాకా పోశారు. బ్రీదరు టోపీని డీజిలులో కడిగి, ఊది, పెట్టారు. ఆ రాత్రికి బండిని ఇవ్వనని, చుక్క పడుతుందేమో చూసి పొద్దున ఇస్తానని మిస్త్రీ చెప్పాడు. రైతు ఒకటి రెండుసార్లు బతిమాలాడు, ట్యాంకరు కిరాయి పోతుందన్నాడు. మిస్త్రీ వినలేదు. చక్రాల కింద పత్రికలు పరిచి షెడ్డు మూశాడు.

మర్నాడు పొద్దున్నే ఈ విలేకరి అటు వెళ్ళి చూస్తే కుడి పక్క కాగితం పొడిగా ఉంది. ఎడమ పక్క కాగితం మీద పావలా బిళ్ళంత మచ్చ ఉంది. మిస్త్రీ వేలితో తాకి వాసన చూసి, అది పైన కారిన పాత డీజిలు మరక అన్నాడు. అయినా నమ్మక ఇరుసు తుడిచి, కాగితం మార్చి, ఇంకో రెండు గంటలు ఆగమన్నాడు. రైతు ఈసారి ఏమీ అనకుండా మొద్దు మీద కూర్చొని బీడీ వెలిగించాడు.